పిండిని ఏమని రాసిన్రు?

మంగళవారం, పొద్దున పదకొండుకు పది నిమిషాలు తక్కువ. అంకెలు నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు, అక్షరాలే రావు. కాబట్టి గడియారం విషయంలో నా మాట నమ్మవచ్చు. అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు పోయే దారిలో ఒక సందు, ఆ సందులో మా చీజు ప్యాకింగు షెడ్డు. అక్కడ, సరుకు కొనడానికి వచ్చిన మనిషి ఎదుట, నేను మా సారును ఒక ప్రశ్న అడిగాను. తెలియకే అడిగాను. ఆ ప్రశ్నతో ఆయనకు పెద్ద గిరాకీ తప్పిపోయింది, నాకు పని పోయింది. తప్పు చేశానని మాత్రం ఇప్పటికీ అనుకోవడం లేదు.

అప్పుడు ఊరంతా కంప్యూటరు జ్వరం. మా సందు మొదట్లో కరపత్రాలు పంచేవాళ్ళు నిలబడేవారు. చేతిలో కాగితం పెట్టకుండా ఏ మనిషినీ పోనిచ్చేవారు కాదు. కొంగు నడుముకు దోపుకొని, టిఫిను డబ్బా పట్టుకొని పోయే నాకు కూడా ఇచ్చేవారు. "డెమో ఫ్రీ అమ్మా, ఈరోజే బ్యాచ్ స్టార్ట్" అనేవారు. నేను ఆ కాగితం పరుచుకొని దాని మీద డబ్బా పెట్టుకొని అన్నం తినేదాన్ని. హాస్టళ్ళ బాల్కనీల నిండా తువ్వాళ్ళు వేలాడేవి. జిరాక్సు మెషిన్ల వేడి, బజ్జీల నూనె వాసన, కిక్కిరిసిన బస్సులు. పంజాగుట్ట చౌరస్తాలో చాయ్ తాగుదామంటే నిలబడే చోటు ఉండేది కాదు. అందరి చంకలోనూ ఒకటే రకం ప్లాస్టిక్ ఫైలు. ఇప్పుడు ఆ దారి మీద మెట్రో స్తంభాలు లేచాయి. వాటి కింద పోతుంటే మెడ తిప్పి మా సందు కోసం వెతుకుతాను. సందు ఉంది, షెడ్డు లేదు.

కంప్యూటరు వెనక పిజ్జా వచ్చింది. పిజ్జా వెనక మేము వచ్చాం.

బయటి నుంచి చీజు దిమ్మలు అట్టపెట్టెల్లో దిగేవి. ఒక్కోటి ఇటుకంత. వాటిని తురిమే మెషిన్ ఒకటి, ఆ మెషిన్‌ను నడిపే భాయ్ ఒకరు. తురుము కొబ్బరికోరు లాగా వచ్చి స్టీలు పళ్ళెంలో పడేది. దాని మీద నేను మొక్కజొన్న పిండి చల్లి, రెండు చేతులతో పైకీ కిందికీ కలిపేదాన్ని. పిండి చల్లకపోతే తురుమంతా అంటుకొని మళ్ళీ ముద్దయిపోతుంది. ఇందులో మోసం ఏమీ లేదు, అందరూ చల్లుతారు. కొంచెం చల్లినంత వరకు. తరువాత నాతో పాటు ఎర్రగడ్డ నుంచి వచ్చే ఒకామె కవర్లలో నింపి, మూతి అతికించి, లేబులు అంటించేది. ఆపైన ఫ్రీజరు.

చదువు లేకపోయినా అక్కడ నాకు ఒక గౌరవం ఉండేది. సరుకు బాగుందో లేదో చెప్పేది నేనే. తురుము గుప్పిట్లో పట్టుకుంటే తేమ ఎంతుందో తెలిసిపోయేది. పులుపు తిరిగిన దిమ్మను పెట్టె విప్పకముందే వాసన పట్టేదాన్ని. భాయ్ నన్ను 'ఆపా' అనేవాడు, అంటే అక్కా అని. నవ్వుతూ అనేవాడు: "ఆపా, పోలీసోళ్ళు నిన్ను చూస్తే తమ కుక్కను ఇంటికి పంపిస్తరు!" ప్రతి పెట్టెలోనూ ఒక చీటీ పెట్టేవాళ్ళం. దాని మీద 'తనిఖీ చేసినవారు' అని అచ్చు, పక్కన నా వేలిముద్ర. సాయంత్రం ఇంటికి పోయినా బొటనవేలి నీలం పోయేది కాదు.

మా సారు కోస్తా నుంచి వచ్చి ఈ వ్యాపారం పెట్టుకున్నాడు. చెడ్డవాడు కాడు. పండక్కి చీర పెట్టేవాడు, జ్వరమొస్తే ఇంటికి పొమ్మనేవాడు. కానీ తొందర మనిషి. చుట్టూ ఉన్నవాళ్ళంతా రాత్రికి రాత్రి పైకి పోతున్నట్టు కనిపించే రోజులు కదా, ఆయనకూ కాలు నిలవలేదు. ఒకరోజు మా క్వాలిటీ అమ్మాయితో అన్నాడు: "పెద్ద పెద్ద కంపెనీల వాళ్ళు వస్తారమ్మా. చీటీ మీద వేలిముద్రలేంటి, అసహ్యంగా. ఈవిడకి సంతకం నేర్పించు. సంతకం చాలు, ఇంకేం అక్కర్లేదు."

నాకు అక్షరాలు రావడానికి మూలం ఆయనే. ఆ పుణ్యం ఆయన ఖాతాలో వేయకపోతే పాపం నాకు.

క్వాలిటీ అమ్మాయి కూడా కోస్తా పిల్లే. డిగ్రీలో కెమిస్ట్రీ చదివింది, పక్క బిల్డింగులో హాస్టల్. పొద్దున మా దగ్గర పని, సాయంత్రం కంప్యూటరు కోర్సు. ఒక థర్మామీటరు, ఒక నోటుబుక్కు, ఒక అయోడిన్ సీసా, ఇవీ ఆమె సామాన్లు. మధ్యాహ్నం అన్నాలయ్యాక నన్ను స్టూలు మీద కూర్చోబెట్టేది. పలకా లేదు, బలపం లేదు. వంకరగా అచ్చుపడి పారేసిన లేబుళ్ళ చుట్ట ఉండేది. దాని వెనక వైపు నున్నటి తెల్ల కాగితం. పెన్ను జారిపోయేది. అదే నా పలక.

సంతకం నాలుగు రోజుల్లో వచ్చింది. ఆ అమ్మాయి అక్కడితో ఆగలేదు.

"పెద్దమ్మా, ఈ లేబులు తిప్పండి. ఇటు చూడండి. ఇది త. దీనికి పక్కన కొమ్ము పెడితే తు. ర కి కొమ్ము పెడితే?"

"రు."

"మ కి?"

"ము."

"మూడూ కలిపి చదవండి."

"తు... రు... ము. అమ్మో! తురుము! నేను పొద్దంతా కలిపేదే!"

మూడు అక్షరాలు, మూడింటికీ కొమ్ములు. నలభై ఏడేళ్ళు నా చేతుల్లోంచి పోయిన వస్తువులకు రాతలో కూడా రూపం ఉంటుందని ఆ రోజే తెలిసింది. లేబులు అంటించే ఆమె అటు నుంచి కేకేసింది: "ఇగ పంతులమ్మ అయినవ్ అక్కా! రేపటి సంది కవర్లు నువ్వే నింపుకో, నేను నీ దగ్గర ట్యూషన్‌కు కూసుంట."

ఆ తరువాత కనిపించినవన్నీ చదివాను. బస్సు బోర్డులు, గోడ మీది పోస్టర్లు, అగ్గిపెట్టెలు. నోట్లో నోట్లోనే కూడబలుక్కునేదాన్ని. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు జపం చేస్తోందనుకునేవారు. ఒకనాడు ఒక పెద్ద బిల్డింగు మీద తెలుగులో 'జావా' అని చదివి, పక్కనున్న మా లేబుళ్ళ ఆమెతో, "ఇన్ని అంతస్తుల్ల జావ అమ్ముతున్నరా? ఎవరు తాగుతరే గింత జావ?" అన్నాను. ఆమెకు ఏం తెలుసు, "రాగిజావ గిరాకీ ఎక్కువైందేమో" అంది. మరునాడు ఆ సంగతి విని క్వాలిటీ అమ్మాయి పొట్ట పట్టుకొని నవ్వింది. తాను నేర్చుకునే కంప్యూటరు భాష పేరు అదేనట. "అయితే మీరు సాయంత్రం నేను జావ తాగడానికి వెళ్తున్నాననుకున్నారా పెద్దమ్మా?"

మా లేబులు మీది పెద్ద మాట చదవడానికి ఇంకో వారం పట్టింది. న కింద న వత్తు నాకు ఎంతకీ లొంగలేదు. లొంగిన రోజు మొత్తం చదివి ఉలిక్కిపడ్డాను. 'శుద్ధమైన జున్ను తురుము' అని ఉంది.

జున్ను అంటే నాకు తెలుసు. బర్రె ఈనిన మొదటి రోజుల పాలలో బెల్లం, మిరియాలు వేసి ఆవిరి మీద ఉడికిస్తే గడ్డకట్టేది. ఇంటింటికీ గిన్నెలో పంచేది. ఇక్కడ బర్రె ఎక్కడ ఈనింది? సారు దగ్గరికే పోయాను. "సారూ, జున్ను అని తప్పు పడ్డది లేబుల్ మీద."

ఆయన నవ్వి, "తప్పు కాదమ్మా. చీజ్‌ని తెలుగులో అదే అంటారు. డిక్షనరీ చూసే వేశాం" అన్నాడు.

సరే అనుకున్నాను. చదువుకున్నవాళ్ళు ఒక వస్తువుకు ఇంకో పేరు రాస్తారు, అది అచ్చులో చెల్లుతుంది. జావ కాని జావా ఉంది, జున్ను కాని జున్ను ఉంది. అచ్చుపడినదాంట్లో అబద్ధం ఉండవచ్చన్న అనుమానమే నాకు రాలేదు. నాకు తెలియని పేర్లు ఉంటాయి, అంతే అనుకున్నాను.

ఈలోగా పళ్ళెంలో పిండి పెరుగుతూ వచ్చింది. మొదట పళ్ళేనికి ఒక గుప్పెడు. తరువాత సారు వచ్చి, "ఇంకాస్త వెయ్యమ్మా" అంటే రెండు గుప్పిళ్ళు. ఎండాకాలం వచ్చేసరికి గుప్పిళ్ళు పోయి డబ్బా వచ్చింది. తురుము కలుపుతుంటే వేళ్ళ మధ్య కిర్రుమనేది. ఊపిరి గట్టిగా వదిలితే తెల్లగా లేచేది. భాయ్ కళ్ళెగరేసి, "ఆపా, ఇది చీజా, క్యారమ్ బోర్డా?" అన్నాడు. పీల్చడానికి ఇబ్బందని ముక్కుకు కొంగు కట్టుకొని కలిపేదాన్ని. అప్పుడూ నాకు తప్పు తోచలేదు. సారు చెప్పాడు, వేశాను. చీటీ మీద సంతకం పెట్టాను. నా సంతకాన్ని చూసుకొని మురిసిపోతూ మరీ పెట్టాను, ఆ సిగ్గు కూడా రాయాలి.

లేబులు అడుగున చిన్న అక్షరాలు ఉండేవి. వాటిని కూడా చదవాలని పట్టుపట్టాను. 'ఇందులో ఉన్నవి' అని ఉంది. ఇందులో ఉన్నవి ఏమిటో నాకు తెలియదా? నా చేత్తోనే కదా కలిపేది. అందుకని ముందు పిండి కోసం వెతికాను. పిండి ఎట్లా ఉంటుందో అమ్మాయి రాసి చూపించి ఉంది: ప మీద గుడి, నడుమ సున్న, డ మీద గుడి. రెండు గుళ్ళ నడుమ సున్న. ఆ రూపం కోసం లేబులంతా గాలించాను. పాలు ఉంది. ఉప్పు ఉంది. తోడు అని ఉంది. పిండి లేదు. మూడు రోజులు వెతికాను. నాకే చదవడం సరిగ్గా రావడం లేదనుకున్నాను. కళ్ళజోడు లేబుళ్ళ ఆమెది అడిగి పెట్టుకొని చూశాను. ఆ అమ్మాయిని అడిగితే, "తర్వాత చెప్తాను పెద్దమ్మా" అని థర్మామీటరు తీసుకొని లోపలికి పోయింది. ఆ పిల్ల అట్లా మొహం తిప్పుకోవడం నేను మొదటిసారి చూశాను.

ఇక ఆ మంగళవారం.

బేగంపేటలో ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ ఆఫీసు క్యాంటీన్ నడిపే మనిషి సరుకు చూడడానికి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, మన తెలంగాణ మాటే మాట్లాడాడు. సారు పొద్దున్నే షెడ్డు కడిగించి, అందరికీ తలమీద టోపీలు పెట్టించాడు. ఆ క్యాంటీన్ ఆయన మెషిన్ చూశాడు, ఫ్రీజరు తెరిచి చేయి పెట్టి చూశాడు. తరువాత పెట్టెలోంచి చీటీ తీసి, "గీ సంతకం ఎవరిది?" అని అడిగాడు.

సారు నన్ను ముందుకు పిలిచాడు. "ఈవిడదేనండి. చేత్తో పట్టుకుంటే చాలు, చెప్పేస్తుంది. లేబులు కూడా ఆవిడే చూస్తుంది."

లేబులు నేను చూస్తానని ఆయన నోటితో అనేసరికి నాకు ధైర్యం వచ్చింది. పెద్దవాళ్ళు ఇద్దరూ ఎదురుగా ఉన్నారు, నా అనుమానం తీరుతుందనుకున్నాను. అడిగేశాను.

"సారూ, నాకొకటి సమజైతలేదు. చీజును జున్ను అని రాసిన్రు. మరి పిండిని ఏమని రాసిన్రు? తోడు అంటే పిండేనా?"

మెషిన్ ఆగి ఉంది కాబట్టి ఆ మాట షెడ్డంతా వినపడింది. మొదట్లో చెప్పిన గడియారం చూసింది అప్పుడే. సారు మొహం మారింది, అటు చూడలేక గోడ మీది గడియారం వైపు చూశాను.

క్యాంటీన్ ఆయన మెల్లగా అడిగాడు. "పిండి ఏంది అక్కా?"

సారు నవ్వేశాడు. "అంటుకోకుండా చిటికెడు చల్లుతామండి, అందరూ చల్లేదే. ఈవిడ ఈమధ్యే అఆలు నేర్చుకుంది, అన్నీ కలగలిపేస్తుంది."

"అఆలు నేర్చుకునే మనిషి లేబుల్ చూస్తదని ఇప్పుడే మీరు చెప్తిరి గద!"

సారు ఆయనకు చాయ్ చెప్పి, నన్ను ఫ్రీజరు వెనక్కి తీసుకుపోయాడు. ఆయన బయటికి వినపడకుండా మాట్లాడాడు. కోపంతో కాదు, భయంతో. "అమ్మా, ఈ ఆర్డరు పోతే నేను షెడ్డు మూసుకోవాలి. నువ్వు వెళ్ళి ఒక్క మాట చెప్పు చాలు. నాకు చదవడం రాదు, పొరపాటు పడ్డానని చెప్పు. ఏం పోతుంది నీకు? నిన్నటిదాకా రాదుగా?"

నిజమే, నిన్నటిదాకా రాదు. ఆ మాట అంటే నా పని నాకుంటుంది. ఆయన షెడ్డు ఆయనకుంటుంది. చదవడం రాదనడం నాకు కొత్త కూడా కాదు. రేషన్ షాపులో, ఆస్పత్రిలో, బస్టాపులో జీవితమంతా అన్న మాటే. కానీ అప్పుడు అది నిజం. ఇప్పుడు అంటే, ఆ నున్నటి కాగితం మీద పెన్ను జారుతూ నేర్చుకున్నదంతా ఏమైనట్టు?

"సారూ, రానప్పుడు రాదన్న. వచ్చినంక రాదని ఎట్లంట?" అన్నాను.

ఆయన ఇంకేదో అనబోయాడు. నేను ఇవతలికి వచ్చేశాను.

క్యాంటీన్ ఆయన చాయ్ ముట్టలేదు. "అక్కా, నీకు చదవొస్తదా, రాదా? సాఫ్ చెప్పు."

లేబులు చేతిలోకి తీసుకొని చదివాను. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, బయటికి. శు, ద్ధ, మై, న. ద్ధ దగ్గర కాస్త తడబడ్డాను. జున్ను. తురుము. ఇందులో ఉన్నవి. పాలు. ఉప్పు. తోడు. అంత పొడుగు చదువు నేను ఎవరి ముందూ చదివి ఎరగను. చాలాసేపు పట్టింది. ఎవరూ తొందర పెట్టలేదు. చివరి అక్షరం మీద వేలు పెట్టి, "ఇంతే ఉన్నది. పిండి లేదు. నేను మాత్రం పళ్ళేనికి డబ్బెడు వేస్త" అన్నాను.

ఆయన క్వాలిటీ అమ్మాయి వైపు తిరిగాడు. "నువ్వేమంటవ్ తల్లీ?"

ఆ పిల్ల తన అయోడిన్ సీసా తెచ్చింది. సీసా మూత విప్పింది. పళ్ళెంలోంచి చిటికెడు తురుము గిన్నెలో వేసి, అయోడిన్ చుక్క వదిలింది. నిజమైన చీజు మీద ఆ చుక్క పసుపుగా ఉండిపోతుంది, పిండి తగిలితే నీలమవుతుంది. మాది కాటుకలా నల్లబడింది. అప్పుడు అంది: "గుప్పెడు వేస్తే అక్కడక్కడా నీలం చుక్కలు వస్తాయండి. ఇంత నల్లగా రాదు. ఈ సంగతి నాకు ముందే తెలుసు."

చివరి మాట ఆమె నాకేసి చూస్తూ అంది.

క్యాంటీన్ ఆయన అరవలేదు, తిట్టలేదు. "పిండి తగ్గించి, దాని పేరు రాసి పిలువున్రి, వస్త" అని సారుతో అని, చెప్పులు వేసుకొని పోయాడు. సారు నన్ను రేపటి నుంచి రావద్దన్నాడు. నేను టోపీ తీసి మడత పెట్టి స్టూలు మీద ఉంచాను. లేబుళ్ళ ఆమె గేటు దాకా వచ్చి, "అక్కా, జర నోరు కట్టుకుంటే ఏం పోయేది నీది!" అని తిట్టి, తన డబ్బాలోని కూర నా డబ్బాలో వేసి పంపింది.

కొన్నాళ్ళకు అమీర్‌పేటలోనే ఒక హాస్టల్ వంటింట్లో కుదిరాను. పిల్లలు కోర్సులకు పరిగెత్తేవాళ్ళు, నేను చపాతీలు చేసేదాన్ని. పొద్దున్నే బోర్డు మీద ఆనాటి కూర పేరు రాసే పని నేనే అడిగి తీసుకున్నాను. బెండకాయ దగ్గర మొదట్లో సున్న మరిచిపోయేదాన్ని. పిల్లలు "ఆంటీ, బెడకాయ అంటే కొత్త ఐటమా?" అని ఏడిపించేవారు.

ఒక మధ్యాహ్నం భాయ్ అక్కడికి వెతుక్కుంటూ వచ్చాడు. షెడ్డు మూతపడలేదట. చేతిలో కాగితం పొట్లం. "సారు ఇచ్చిండు ఆపా. చదివి చెప్పమన్నడు, తప్పుంటే."

అందులో కొత్త లేబులు ఉంది. వంటింటి కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకొని చదివాను. 'శుద్ధమైన' అన్న మాట తీసేశారు. అడుగున పాలు, ఉప్పు, తోడు, వాటి తరువాత 'మొక్కజొన్న పిండి'. రెండు గుళ్ళు, నడుమ సున్న. దాని మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచాను. చపాతీ పిండి అంటుకొని అక్షరాలు కొంచెం మసకబారాయి.

"తప్పేమన్న ఉందా ఆపా?" అన్నాడు భాయ్.

"ఒకటుంది. ఇంకా జున్ను అనే రాసిన్రు."

"అరే, గది డిక్షనరీ తప్పు, మనది కాదు!" అని నవ్వుకుంటూ పోయాడు.

తిరిగి రమ్మని సారు కబురు పెట్టలేదు, నేను పోలేదు. ఆ లేబులు మాత్రం ఇప్పటికీ నా దగ్గర ఉంది. జిగురు ఎండిపోయింది.

ఆ మంగళవారం అక్కడ ఉన్నది ఆరుగురం. పేర్లు రాయడం నాకు వచ్చు, కానీ వాళ్ళను అడగలేదు కాబట్టి రాయను. భయపడ్డా చివరికి లేబులు మార్చిన మా సారు. సీసా మూత విప్పిన క్వాలిటీ అమ్మాయి. మెషిన్ ఆపి నిలబడ్డ భాయ్. కూర పెట్టి పంపిన ఎర్రగడ్డ ఆమె. చాయ్ తాగకుండా పోయిన క్యాంటీన్ ఆయన. లేబులు చదివిన నేను.